వికలాంగ శిశువుల విద్యాసక్తి - పంచాయతీల కర్తవ్యము

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి తరగతులలో నావంటి పౌరసంబంధాధికారి మాటలాడ వచ్చినప్పుడు ఏదో ఒక పథకమును వివరించి, కరపత్రములు పంచి పోవుట ఆచారము. నేడు నేను ముందుగా నా వలన జరిగిన ఒక పొరపాటును మీ యెదుట చెప్పుకొని, పిదప విషయములోనికి వచ్చెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున ఉపకరణముల పంపిణీ సభ జరిగినది. పసితనము నుండియు రెండు కాళ్లు బిగుసుకొనిపోయిన ఆరేండ్ల బాలిక యొకతెకు ఆ సభలో చక్రముల కుర్చీ ఇచ్చిరి. ఛాయాచిత్రము తీయించినది నేనే. పత్రికలకు పంపినదియు నేనే. పాప నవ్వుచున్నది, చిత్రము చక్కగా వచ్చినది. ఏడాది గడచిన తరువాత వేరొక పనిమీద ఆ యూరికి పోయి, వారి యింటికి కూడ వెళ్లితిని. కుర్చీ పంచలో ఉన్నది. దానిమీద ఎండుమిరపకాయల గోనె ఉన్నది. పాప నులకమంచము మీద ఉన్నది. బడి ఆ యింటికి రెండువందల గజముల దూరముననే కలదు. కాని బడి అరుగునకు మూడు మెట్లు. "రోజుకి నాలుగుసార్లు ఎవరెక్కించి దించుతారు బాబూ? నేను ముసలిదాన్ని, తల్లీతండ్రీ కూలికి పోతారు" అని నాయనమ్మ చెప్పినది. నాతో వచ్చిన వార్డు సభ్యురాలు ఒక్క ప్రశ్న వేసినది: "కుర్చీ ఇచ్చినోళ్లు అది ఎక్కడికి పోవాలో చూశారా అండీ?" నా వద్ద సమాధానము లేకపోయెను.

అంతకంటె నన్ను కలతపెట్టినది వేరొకటి కలదు. "బడికి పోవాలని ఉందా తల్లీ?" అని పాపను అడిగితిని. ఆమె నాయనమ్మ ముఖము వంక చూచినది గాని నోరు విప్పలేదు. ఏడాది క్రిందట సభలో ఛాయాచిత్రకారుని యంత్రమును చూచి, "అదేంటి, నాకివ్వు" అని చేయి చాచిన బిడ్డయే ఆమె. ఇప్పుడు చేయి చాచుట మానివేసినది. కాళ్ల బలహీనత ఆమెకు పసితనము నుండి ఉన్నదే. ఈ రెండవ బలహీనత మాత్రము మన గ్రామములో, మన కన్నుల యెదుట కలిగినది. నేడు నేను చెప్పదలచిన దంతయు ఆ చాచిన చేతిని గూర్చియే.

ఆసక్తి ఎచ్చట నుండి వచ్చును?

మీ యిండ్లలో ఏడాది బిడ్డను ఒక పూట గమనింపుడు. గరిటె దొరికినచో పళ్లెముమీద మోదును. చెంబులోని నీరు ఒలకబోయును. అమ్మ చీరకుచ్చెళ్లు పట్టుకొని లేచును, పడును, మరల లేచును. ఇంత శ్రమపడినచో మిఠాయి ఇత్తుమని ఆ బిడ్డకు ఎవరును చెప్పలేదు. మరి ఈ పట్టుదల యేల? 1959వ సంవత్సరమున రాబర్టు వైటు అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఈ ప్రశ్ననే వేసికొనెను. ఆకలిదప్పుల వంటి శరీరావసరములతో మాత్రమే ఇట్టి శ్రమకు కారణము చెప్ప వీలులేదనియు, తన చుట్టునున్న లోకములో తాను ఒక మార్పు తేగలుగుట, 'నేను చేసితిని' అను తృప్తి, అదియే ఇచ్చట ప్రేరణమనియు ఆయన వాదించెను.

మన ఉయ్యాలలపై చిలుకలను వ్రేలాడదీయుట మీ రెరుగుదురు. 1969లో కరోలిను రోవీ, డేవిడు రోవీ అను శాస్త్రజ్ఞులు ఇట్టి బొమ్మలను సుమారు మూడు నెలల శిశువుల పడకపై వ్రేలాడదీసి, ఒక పట్టీతో శిశువు కాలికి వానిని కలిపిరి. కాలు కదిపినచో బొమ్మలు ఆడును. కొలది నిమిషములలోనే శిశువులు కాళ్లు కదుపుట ఎక్కువ చేసిరి. బొమ్మలు వానియంతట అవి కదలినప్పుడు ఇట్టి పెరుగుదల కనిపింపలేదు. మాటలు రాని, కూర్చుండలేని పసికందు సైతము తన చేష్టకు ఫలితము కనబడినచో మరల చేయగోరునని దీనివలన తెలియుచున్నది.

మరియొక ప్రయోగమును గూర్చి చెప్పెదను. 1963లో రిచర్డు హెల్డు, అలను హైను అను వారు చీకటిలో పెంచిన పిల్లికూనలను జతలు జతలుగా తీసికొని, చారల గోడలు గల ఒక గుండ్రని తొట్టెలో దినమునకు మూడు గంటల చొప్పున ఉంచిరి. ప్రతి జతలో ఒక కూన తన కాళ్లతో నడచును. రెండవది చిన్న ఊయలలో కూర్చుండి, మొదటిదాని నడకను బట్టి త్రిప్పబడును. రెండును చూచిన దృశ్యములు ఒక్కటే. అయినను, నడచిన కూన లోతును గుర్తించి అంచునుండి తొలగినది, నేలకు దించునప్పుడు ముందుకాళ్లు చాచినది. ఊయలలో కూర్చుండిన కూన ఈ రెండింటిని చేయలేకపోయెను. దానికి కన్ను ఉన్నది, కాలు ఉన్నది. లేనిది తాను కదలి తెలిసికొన్న అనుభవము మాత్రమే. పిదప వెలుతురులో స్వేచ్ఛగా తిరుగనిచ్చినంతట అవియు నేర్చుకొన్నవి.

పిల్లికూన వేరు, పసిబిడ్డ వేరు. ఒకదానిని రెండవదానికి యథాతథముగా అన్వయింపరాదు. కాని ఎప్పుడును చంకలోనో మంచముపైననో ఉండి, లోకమును చూచుటయే గాని తాకుటకు వీలులేని బిడ్డను తలచుకొన్నప్పుడు, ఆ ఊయలలోని కూన నాకు గుర్తునకు వచ్చుచుండును.

ఆసక్తి ఎట్లు వాడిపోవును?

కాళ్లు చేతులు బలహీనములైన బిడ్డకు తెలిసికొనవలెనను కోరిక పుట్టుకతో తక్కువయని తలచుట పొరపాటు. ఆ కోరిక వాడిపోవుటకు మన గ్రామములలో మూడు కారణములు సాధారణముగా కనబడుచున్నవి.

మొదటిది, వస్తువు అందకపోవుట. ఇతర పిల్లలు ప్రాకిపోయి తెచ్చుకొందురు. ఈ బిడ్డకు బంతి రెండు మూరల దూరము దొర్లినచో అది పోయినట్లే.

రెండవది మన ప్రేమయే. అన్నము మనమే తినిపింతుము. చొక్కా మనమే తొడుగుదుము. ప్రశ్న బిడ్డను అడిగినను జవాబు మనమే చెప్పుదుము. జాలిచేత చేయు ఈ సేవ వలన, తన ప్రయత్నమున కేమియు విలువ లేదని బిడ్డ నేర్చుకొనుచున్నది. ఏమి చేసినను ఫలితము మారదని తోచిన పిదప ఎవరు మాత్రము ప్రయత్నింతురు? వాన పడినను పడకున్నను పంట ఒక్కటేయని తోచినచో రైతు కూడ మడక మూలకు చేర్చును.

మూడవది పేర్లు పెట్టుట. కుంటివాడు, అవిటిది అని పిలుచుట మన యూళ్లలో తప్పుగా తోచదు. గ్రహణము పట్టినదనియు, పూర్వజన్మ పాపమనియు తల్లిని అనుటయు కలదు. అప్పుడు ఆ తల్లి బిడ్డను నలుగురిలోనికి తెచ్చుటయే మానును. వరంగల్లు ప్రాంతమున కల్లెడ గ్రామమున పుట్టిన జీవంజి దీప్తి సంగతి మీరు వినియుందురు. ఆమెది అవయవ వైకల్యము కాదు, బుద్ధివికాసమునకు సంబంధించినది. చిన్నతనమున ఊరివారి ఎగతాళి మాటలు ఆ కుటుంబము ఎన్నో పడినది. 2024లో ప్యారిసు పారాలింపిక్సులో 400 మీటర్ల పరుగులో ఆమె కాంస్య పతకము గెలిచినది. పతకము రాని బిడ్డకు గౌరవము అక్కరలేదని నా భావము కాదు. ఎగతాళిచేయు నోటికి బిడ్డ భవిష్యత్తు తెలియదని మాత్రమే నేననుచున్నాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము, నలుగురు చూచుచుండ ఒక వికలాంగ వ్యక్తిని అవమానింపవలెనను ఉద్దేశముతో దూషించుట శిక్షార్హమైన నేరము.

ఇంటను, అంగన్వాడీలోను చేయదగినవి

ఇందులకు పెద్ద ధనము అక్కరలేదు. మీరు ఇండ్లకు పోయినప్పుడు తల్లులతో ఈ సంగతులు చెప్పవచ్చును.

బిడ్డను పడుకోబెట్టియే ఉంచక కూర్చుండబెట్టవలెను. కూర్చుండలేని బిడ్డకు రెండు గోడలు కలియు మూలను పాతబొంతలు చుట్టి ఆసరా కల్పింపవచ్చును. వీపు నిలిచి, చేతులు ఖాళీయైనచో అవి పని వెదకుకొనును. ఏ రీతిని కూర్చుండబెట్టవలెనో ఫిజియోథెరపిస్టును అడిగి తెలిసికొనుట మేలు.

ఆటవస్తువు దొర్లిపోకుండ అంచుగల పళ్లెములో పెట్టవలెను. పట్టు చాలని చేతికి చెంచా కాడకు గుడ్డ చుట్టి లావు చేయవలెను. పెద్దలు దగ్గర కూర్చుండి చూచుచున్నంతసేపు, బిడ్డ చేయి తగిలినంతనే మ్రోగునట్లు ఒక గజ్జెను వ్రేలాడదీయవచ్చును. త్రాటిని మాత్రము బిడ్డ చెంత ఒంటరిగా విడువరాదు.

అన్నిటికంటె కష్టమైనది ఓర్పు. బిడ్డ చేయి చాచినంతనే వస్తువు అందింపక, మనసులో పదివరకు లెక్కింపవలెను. పని మరీ సులభమైనచో విసుగు, మరీ కష్టమైనచో నిరాశ కలుగును. కొంచెము శ్రమతో సాధింపగల పని ఇయ్యవలెను. అయిదు బొత్తాములలో నాలుగు తల్లి పెట్టి, అయిదవది బిడ్డకు విడువవలెను. ఎర్ర చొక్కాయా, పచ్చ చొక్కాయా అని అడిగి, మాట రాకున్నను కంటిచూపుతో ఎంచుకొననీయవలెను. గెలిచినప్పుడే గాక ప్రయత్నించినప్పుడును మెచ్చుకొనవలెను. ఇరుగుపొరుగు పిల్లలను ఆటకు పిలువవలెను. పిల్లవానికి పిల్లవానిని మించిన గురువు లేడు.

కాలము మించకమునుపే గుర్తించుట మరియొక ముఖ్య విషయము. "మొక్కై వంగనిది మానై వంగునా" యను సామెత ఇచ్చట అక్షరాల నిజము. తొమ్మిది నెలలు నిండి పది వచ్చినను ఆసరా లేక కూర్చుండలేకపోయినను, పదునెనిమిది నెలలు నిండినను నడువకపోయినను, ఒక ప్రక్క చేతినే ఎప్పుడును వాడుచున్నను, "మెల్లగా వస్తాయిలే" అని ఊరకుండరాదు. పుట్టుకతో పాదములు లోపలికి వంకరయైన శిశువునకు మొదటి వారములలోనే చికిత్స ప్రారంభించి, వారమునకొక పర్యాయము పిండికట్టు మార్చుచు, పిదప నాలుగైదేండ్ల వరకు రాత్రులయందు ప్రత్యేకమైన బూట్లు తొడిగినచో చాలమంది చక్కగా నడువగలుగుచున్నారు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్వాడీలకును, బడులకును వచ్చి పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రమునకు పంపును. బృందము వచ్చు దినమున మంచములోని బిడ్డ కూడ అంగన్వాడీకి చేరినదా అని చూచుట వార్డు సభ్యుని పని. వికలాంగ శిశువులను అంగన్వాడీలో ఎట్లు గుర్తింపవలెనో, ఎట్లు కలుపుకొనవలెనో తెలుపు నియమావళిని కేంద్ర ప్రభుత్వము 2023 నవంబరులో వెలువరించినది. మీ అంగన్వాడీ టీచరు వద్ద అది ఉన్నదా అని అడుగుడు.

పోలియో విషయమున మన దేశము ఏమి సాధించినదో జ్ఞప్తి చేసికొనుడు. ప్రకృతిసిద్ధమైన పోలియో క్రిమి వలన మన దేశమున చివరి కేసు 2011 జనవరిలో వచ్చినది. 2014 మార్చి 27వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతమును పోలియో రహితముగా ప్రకటించినది. ఇంటింటికి తిరిగి, ఒక్క బిడ్డను విడువక లెక్కించుట వలన అది సాధ్యమైనది. ఆ లెక్క, ఆ శ్రద్ధ ఈ పిల్లలకును కావలెను.

పంచాయతీ ఏమి చేయవలెను?

ఇది మా పని కాదని ఎవరైన అనవచ్చును. 1993 ఏప్రిలు 24 నుండి అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలును చూడుడు. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో విద్య 17వది, స్త్రీ శిశు అభివృద్ధి 25వది, వికలాంగుల సంక్షేమముతో కూడిన సాంఘిక సంక్షేమము 26వది. కావున ఇది మన పనియే.

పింఛను ఇప్పించితిమి గనుక బాధ్యత తీరినదని తలచుట మనలో అలవాటైనది. సదరం శిబిరము, ధ్రువపత్రము, పింఛను, ఇవి అన్నియు అవసరములే. వాని కొరకు పోరాడవలసినదే. కాని పింఛను ఇంటికి బియ్యము తెచ్చును. బిడ్డను గడప దాటింపదు. 2016 నాటి చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. నలువది శాతమునకు తగ్గని వైకల్యము గల బాలబాలికలకు 6 నుండి 18 సంవత్సరముల వరకు దగ్గరి బడిలో గాని, కోరుకొన్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య పొందు హక్కును ఇచ్చినది. ప్రభుత్వ సహాయము గాని గుర్తింపు గాని గల విద్యాసంస్థలు తమ భవనములను, ఆవరణములను ఈ పిల్లలు రాదగినట్లు ఉంచవలెనని ఆ చట్టమే విధించినది.

చేయదగినవి నాలుగు పనులు మీ ముందుంచుచున్నాను. మొదటిది, ఆరేండ్లలోపు వికలాంగ శిశువులు ఎందరో వార్డువారీగా పేరుపేరున తెలిసికొనుట. రెండవది, ఇంటినుండి అంగన్వాడీ వరకు, బడి వరకు దారిని ఆ బిడ్డ కన్నుతో ఒకమారు నడచి చూచుట. మురుగుకాలువపై పలక ఉన్నదా? మరుగుదొడ్డి తలుపులో కుర్చీ పట్టునా? మూడవది, మెట్లున్నచోట వాలుదారి కట్టుట. అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవు ఉండవలెనని లెక్క. ఎత్తు అడుగున్నరయైనచో పదునెనిమిది అడుగులు. స్థలము చాలదని నిటారుగా కట్టిన వాలుదారి మెట్లకంటె ప్రమాదకరము. స్థలము తక్కువైనచో మలుపు త్రిప్పి కట్టవలెను, ప్రక్కలందు పట్టుకొనుటకు కమ్మీలు ఉంచవలెను. నాలుగవది, ఈ పనులను గ్రామసభలో చదివి పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చుట. ఆ సభకు ఈ పిల్లల తల్లులను పిలిచి ముందు వరుసలో కూర్చుండబెట్టి, ఏమి కావలెనో వారి నోట వినుట.

ఇక మొదట చెప్పిన పాప సంగతి ముగించెదను. నన్ను ప్రశ్నించిన వార్డు సభ్యురాలు ఊరకుండలేదు. పంచాయతీ సమావేశమున విషయమెత్తినది. "ఒక్క పిల్ల కోసమా?" అని ఒకరనిరి. "మోకాళ్ల నొప్పుల ముసలివాళ్లు ఓటుకొచ్చేదీ ఆ బడికే గదా" అని ఆమె జవాబిచ్చినది. రెండు నెలలలో బడి అరుగునకు ఒక మలుపుతో పదునెనిమిది అడుగుల వాలుదారి వచ్చినది. పాపను తీసికొనివచ్చు భారము ఆ వీధిలోని ఇద్దరు అయిదవ తరగతి బాలికలు వంతులవారీగా వహించిరి.

నేను మరల పోయినప్పుడు ఉపాధ్యాయిని చెప్పిన సంగతి ఇది. మొదటి వారము పాప పలక ముట్టలేదు. విరామమున కుర్చీని తానే త్రోసికొనుచు ఆవరణలోని వేపచెట్టు చుట్టు తిరుగుచుండెడిది. ఎందుకని అడిగినచో, "అవతలివైపు ఏముందో చూస్తున్నా" అన్నదట. రెండవ వారమున పలక అడిగినది. కుర్చీ ఆమెకు ఆరవ యేట వచ్చినది. వాలుదారి ఏడవ యేట వచ్చినది. ఆమె రెండేండ్ల బిడ్డగా ఉన్నప్పుడే ఎవరైన మూలను బొంత చుట్టి కూర్చుండబెట్టి, చేతికందునట్లు ఒక గిలక పెట్టియున్నచో, ఆ నాలుగైదేండ్లు వ్యర్థము కాకుండెడివి. పోయిన కాలమును పంచాయతీ తీర్మానముతో తిరిగి తేలేము. ఇప్పుడు రెండేండ్ల ప్రాయమున ఉన్న బిడ్డ విషయమున మాత్రము ఆ తప్పు జరుగకుండ చూడగలము.

సోదర సోదరీమణులారా! వికలాంగులు అను పేరు మార్చి నేడు విభిన్న ప్రతిభావంతులు అనుచున్నాము. పేరు మారుట మంచిదే. దారి కూడ మారవలెను. మీరు గ్రామములకు తిరిగి పోయిన పిదప, మీ వార్డులో మంచముమీద ఉండిపోయిన పసిబిడ్డ ఎవరో ఈ వారములోనే కనుగొనుడు. ఆ యింటికి పోయి బిడ్డ ప్రక్కన కొంతసేపు కూర్చుండుడు. ఆ బిడ్డ చేయి దేనికొరకు చాచుచున్నదో చూడుడు. దానిని చేతిలో పెట్టకుడు. అందునంత దగ్గరకు జరుపుడు.